ఆర్టికల్‌కి మొదటి వాక్యం బట్టీ పట్టించడం సరైనదేనా?

కలం_కాగితం:
మా అమ్మాయి పన్నెండో తరగతి. మొన్న ఇంగ్లీషు పరీక్షలో ‘విద్యార్థులకు నిద్ర ఎందుకు చాలడం లేదు’ అనే విషయం మీద ఆర్టికల్ రాయమన్నారు. 5కి 3 వచ్చాయి. పేపర్ మీద ఎర్ర సిరాతో ‘ఓపెనింగ్ బాగోలేదు’ అని రాసి ఉంది, అంతే. ‘ఇన్ టుడేస్ మోడర్న్ వరల్డ్’ అని మొదలుపెట్టాలని క్లాసులో చెప్పారట. ఇది అలా పెట్టలేదు. ఇది రాసిన మొదటి వాక్యం తెలుగులో చెబుతాను: “అర్ధరాత్రి దుప్పటి లోపల ఫోన్ వెలుగుతుంటే మా తమ్ముడి ముఖం నీలంగా కనిపిస్తుంది.” ఇంతకన్నా మంచి ఎత్తుగడ నాకైతే తట్టదు. క్లాసంతా ఒకే వాక్యంతో మొదలుపెడితే అది రాయడం నేర్పినట్టా?

పాత_రిజిస్టర్:
పదహారేళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను కాబట్టి ముందు లెక్క చెబుతాను. సీబీఎస్ఈ పన్నెండో తరగతి ఇంగ్లీషు కోర్‌లో ఆర్టికల్ 120–150 పదాలు, 5 మార్కులు. ఫార్మాట్‌కి 1, ఆలోచనల అమరికకి 1, విషయానికి 2, స్పెల్లింగ్, వ్యాకరణాలకు కలిపి 1. ఎత్తుగడ ఎంత అందంగా ఉన్నా దానికంటూ విడిగా మార్కు లేదు. శీర్షిక, రాసినవారి పేరు లేకపోతే మాత్రం చేతిలో ఉన్న మార్కు పోతుంది. మీ అమ్మాయి పేరు రాసిందా?

కలం_కాగితం:
రాసింది మాస్టారూ. నేను అడిగింది దాని గురించి కాదు.

చివరి_బెంచి:
పేరుకు ముందు ‘బై’ పెట్టాలా, ఉత్త పేరు చాలా? స్కూల్లో ఒకలా, ట్యూషన్‌లో ఒకలా చెబుతున్నారు. టెన్షన్‌గా ఉంది.

పాత_రిజిస్టర్:
శీర్షిక కింద ‘బై’ పెట్టి పేరు రాయి. ప్రశ్నలో ఏదైనా పేరు ఇస్తే అదే రాయాలి, నీ పేరు రాయకూడదు. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు.

వాన_కోయిల:
నేను కేంబ్రిడ్జ్ బీ2 ఫస్ట్ అనే ఇంగ్లీషు పరీక్ష రాశాను. అందులో రైటింగ్‌కి 80 నిమిషాలు, రెండు రచనలు, ఒక్కోటి 140–190 పదాలు. మొదటిది వ్యాసం, తప్పనిసరి. రెండోదానికి ఆర్టికల్ ఎంచుకోవచ్చు. దిద్దే నాలుగు కొలతల్లో ‘కమ్యూనికేటివ్ అచీవ్‌మెంట్’ ఒకటి. అంటే ఆ రకం రచనకు తగ్గ ధోరణిలో రాశామా, చదివేవాళ్లు చివరిదాకా మనతో ఉన్నారా అని చూస్తారు. వ్యాసం మాస్టారి కోసం రాస్తాం, ఆయన ఎలాగూ చదువుతారు. ఆర్టికల్ పత్రిక తిరగేసే మనిషి కోసం, నచ్చకపోతే పేజీ తిప్పేస్తాడు. ‘ఇన్ టుడేస్ మోడర్న్ వరల్డ్’ చూస్తే నేనూ తిప్పేస్తాను.

పాత_రిజిస్టర్:
అది వేరే పరీక్ష, దాన్ని తెచ్చి ఇక్కడ పెట్టకండి. అయినా నేను ఆ ఒక్క వాక్యమే ఇవ్వను. ప్రశ్నతో మొదలుపెట్టమంటాను, సామెతతో మొదలుపెట్టమంటాను. మొత్తం నాలుగు నమూనాలు ఇస్తాను.

కలం_కాగితం:
నాలుగు ఇచ్చినా బట్టీ బట్టీయే కదండీ. నా సంగతి చెబుతాను. పదో తరగతిలో వరదల మీద వ్యాసం కామాలతో సహా కంఠస్థం చేశాను. పరీక్షలో కరువు మీద ఇచ్చారు. ‘వరద’ అని ఉన్నచోటల్లా ‘కరువు’ అని పెట్టి అదే దించేశాను. నీళ్లు లేక పంటలు కొట్టుకుపోయాయని రాశాను! పాసయ్యాను కూడా. ఇప్పటికీ ఆఫీసులో నాలుగు వాక్యాల ఈమెయిల్ రాయాలంటే ఎక్కడైనా నమూనా దొరుకుతుందా అని వెతుకుతాను. నా నోట్లో మాటను మాస్టార్లే తీసేసుకున్నారని ఇన్నేళ్లకు తెలిసింది. మీలాంటివాళ్లు నా కూతురికీ అదే చేస్తున్నారు.

ఎర్రసిరా_వద్దు:
అంత మాట అనక్కర్లేదు. ఆయన మీ అమ్మాయి పేపర్ దిద్దలేదు.

పాత_రిజిస్టర్:
అననివ్వండి. నేనూ చెబుతాను. మీ అమ్మాయికి ఇంగ్లీషులో నీలం ముఖం, దుప్పటి, వెలుగు అన్నీ ఒక్క వాక్యంలో కుదిరాయి. అంటే ఇంట్లో పుస్తకాలు ఉన్నాయి, ఇంగ్లీషు చెవిన పడుతోంది. నా క్లాసులో నలభై ఎనిమిది మంది. సగం మందికి రోజుకు ఆ ఒక్క పీరియడ్‌లోనే ఇంగ్లీషు వినపడుతుంది. పోయినేడు ఒక కుర్రాడు శీర్షిక రాసి కింద గీత గీశాడు. ఏం రాయాలో తెలియక అదే గీత మళ్లీ మళ్లీ దిద్దాడు. గంట కొట్టాక కాగితం తీసుకుంటే గీత దగ్గర చిరిగి ఉంది. దాని కింద ఒక్క అక్షరం లేదు. ‘ఇన్ టుడేస్ మోడర్న్ వరల్డ్’ వాడి కోసం. ఆ ముక్క చేతిలో ఉంటే కలం కదులుతుంది, తర్వాత ఏదో ఒకటి వస్తుంది. మీరు బాగా రాసే పిల్ల గురించి మాట్లాడుతున్నారు. నేను అసలు మొదలుపెట్టలేని పిల్లవాడి గురించి మాట్లాడుతున్నాను.

కలం_కాగితం:
ఈ మాట ముందే చెప్పి ఉంటే నేను అలా అనేదాన్ని కాదు. తప్పుగా అనుకోకండి. కానీ మాస్టారూ, చేతికర్ర కావలసినవాడికి ఇవ్వండి. నడవగలిగే పిల్లకు కర్ర పట్టుకోలేదని మార్కు కొయ్యడం ఏమిటి?

పాత_రిజిస్టర్:
కొయ్యకూడదు. ఆ ఎర్ర సిరా మాట తప్పు. నేనైతే రాయను.

ఎర్రసిరా_వద్దు:
నేను చేసేది చెబుతాను, పనికొస్తే చూడండి. విషయం బోర్డు మీద రాసి, ముందు తెలుగులోనే అడుగుతాను: “నిన్న రాత్రి ఎన్నింటికి పడుకున్నావు? ఎందుకంత ఆలస్యం?” వాళ్లు చెప్పిన జవాబే వచ్చిన ఇంగ్లీషులో రాయమంటాను. అదే మొదటి వాక్యం. కారణాలు రెండో పేరాలో, ఏం చేస్తే బాగుంటుందో మూడో పేరాలో. శీర్షిక ఆఖర్న పెట్టిస్తాను. అప్పటికి తాము ఏం చెప్పారో వాళ్లకు తెలుస్తుంది.

చివరి_బెంచి:
శీర్షికకు ముందే జాగా వదలాలా?

ఎర్రసిరా_వద్దు:
రెండు లైన్లు వదులు. పేరుకు కూడా కావాలి కదా.

పాత_రిజిస్టర్:
నోటితో అడగడం నేనూ చేశాను. ఆ గీత గీసిన కుర్రాడే ‘ఐ స్లీప్ వన్ ఓ క్లాక్’ అన్నాడు. అది తప్పు వాక్యం. దాంతో మొదలుపెట్టమని పరీక్షకు ఎలా పంపను?

కలం_కాగితం:
పంపండి మాస్టారూ. వ్యాకరణానికి స్పెల్లింగ్‌తో కలిపి ఉన్నది ఒక్క మార్కేనని మీరే చెప్పారు. విషయానికి రెండున్నాయి.

పాత_రిజిస్టర్:
చెప్పాను. ఆ ఒక్క మార్కుతో గట్టెక్కేవాళ్లు కూడా నా క్లాసులో ఉన్నారమ్మా.