ద్రాక్ష పందిరికి సొంత పొలంలోని కర్ర గుంజలు ఎంతవరకు పనికివస్తాయి?

ప్రశ్న (వికారాబాద్ జిల్లా):
మా చల్కా (ఎర్ర ఇసుక) నేలలో ఒక ఎకరం థాంసన్ సీడ్‌లెస్ ద్రాక్ష పెట్టదలిచాము. పందిరికి రాతి కడీలు (నిలువు రాతి స్తంభాలు) తెప్పిస్తే వాటి ధర, రవాణా కలిపి మొక్కల ఖర్చును మించిపోతున్నది. గట్ల మీద జామాయిల్ చెట్లు, బావి దగ్గర కొన్ని టేకు చెట్లు ఉన్నాయి. వీటినే కొట్టి గుంజలుగా పాతితే తోట ఉన్నన్నాళ్లూ నిలుస్తాయా? అడుగున కాంక్రీటు పోయవలసి ఉంటుందా?

జవాబు 1:
తోట ఉన్నన్నాళ్లూ నిలవవు. ద్రాక్ష తీగ పదిహేనేళ్లు కాపు కాస్తుంది; పుచ్చు, చెదలు పట్టకుండా ఏ మందూ పట్టించని జామాయిల్ గుంజకు మట్టిలో మూడు నాలుగేళ్లే ఆయుష్షు. అయినా కర్రను పూర్తిగా వదులుకోనక్కరలేదు. పదిహేను అడుగుల ఎడంతో పాతితే ఎకరానికి దాదాపు 225 గుంజలు పడతాయి, వాటిలో చుట్టూ అంచున వచ్చేవి 56 మాత్రమే. పందిరి ఇనుప తీగల బిగువంతా అంచు గుంజల మీదే ఉంటుంది కనుక వాటిలో ఒకటి విరిగితే ఆ వరుస మొత్తం సడలి గెలలతో సహా కిందికి వాలుతుంది. లోపలి గుంజ పందిరి బరువును మోస్తుందే తప్ప లాగుడును తట్టుకోవలసిన పని దానికి లేదు, పుచ్చితే పందిరిని కదపకుండానే పక్కన మరొకటి నిలబెట్టవచ్చు. అందువల్ల అంచుకు రాయి, లోపలికి కర్ర వాడండి. అంచు కడీలను బయటికి కొద్దిగా వాల్చి, పాతిపెట్టిన బండకు ఇనుప తీగతో లాగి కట్టడం మరువకండి.

జవాబు 2 (అనంతపురం జిల్లా):
రాతి కడీలను మా వైపు రాతి కూసాలు అంటాము. వాటికి డబ్బు చాలక నేను అంచుకూ సరుగుడే పాతి, గట్టిగా ఉంటుందని మొదళ్ల చుట్టూ కాంక్రీటు పోయించాను. కాంక్రీటుకూ కర్రకూ మధ్య నీరు నిలిచి, మూడో ఏడు కోతకు ముందు వచ్చిన గాలివానకు ఒక మూల కూలిపోయింది. పైకి గుంజలన్నీ గట్టిగానే కనిపించాయి. నేల మట్టానికి అంగుళం కింద గడ్డపార మొనతో పొడిస్తే కుళ్లిన కొబ్బరిలా దిగింది. గుంత అడుగున గులకరాళ్లు వేసి, చుట్టూ మట్టిని పొరలు పొరలుగా దిమ్మిస వేయించండి. డ్రిప్పు నీరు గుంజ మొదట్లో పడకుండా చూసుకోండి.

జవాబు 3:
టేకు విషయంలో ఒక హెచ్చరిక. చెదలు ముట్టనిది దాని చేవ (నడిమి ముదురు చెక్క) మాత్రమే; లేత చెట్టులో తెల్ల చెక్కే ఎక్కువ కాబట్టి పేరు చూసి మోసపోకూడదు. పైగా కొట్టడానికి ముందు అటవీ శాఖ అనుమతి సంగతి తెలుసుకోండి.

జామాయిల్‌కు కర్మాగారంలో ఒత్తిడితో మందు పట్టించడం అన్నిటికంటే మేలు. అది అందుబాటులో లేకపోతే, కొట్టిన రోజే బెరడు ఒలిచి, మొదళ్లు మునిగేలా మైలుతుత్తం ద్రావణంలో వారం పది రోజులు నిలబెట్టవచ్చు, కానీ అందులో కొంత వానలకు కొట్టుకుపోతుంది. ప్లాస్టిక్ డ్రమ్ములే వాడండి, ఇనుప డ్రమ్మును ఆ ద్రావణం తినేస్తుంది. వాడేసిన ఇంజిన్ నూనె పూసినా, మొదలు కాల్చినా చెక్క పైపొరకే పరిమితం. ఎండకు పగుళ్లు విచ్చితే చెదలకు దారి దొరికినట్టే. మందు పట్టించిన ముక్కలను పొయ్యిలో పెట్టకండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. అంచుకు 56 రాతి కడీలే తెప్పించి, లోపలికి జామాయిల్ వాడతాము. టేకు జోలికి పోము. ఏటా కోత అయ్యాక, కొమ్మల కత్తిరింపుకు ముందు, ప్రతి గుంజ మొదలూ గడ్డపారతో పరీక్షించి, మెత్తబడినవాటిని అప్పుడే మార్చుకుంటాము.