విడుదల కాని పాత కచేరీ టేపులు రేడియోలో వేయాలంటే ఎవరి అనుమతి కావాలి?

విజయవాడలో కర్ణాటక సంగీతం కోసం కమ్యూనిటీ రేడియో పెట్టాలనుకుంటున్నాం. మా సొసైటీ రిజిస్టరై 3 ఏళ్లు దాటింది. ప్రసార శక్తికి 100 వాట్ల పరిమితి, సగం కార్యక్రమాలు స్థానికంగా చేయాలన్న షరతుతో ఇబ్బంది లేదు. చిక్కంతా 1978-84 మధ్య ఇక్కడి ఒక సంగీత సభలో (కచేరీలు పెట్టే సంస్థ) రికార్డు చేసిన 46 టేపులతోనే. త్యాగరాజ కృతులకు కాపీరైట్ లేదు, రికార్డింగుల సంగతే తేలట్లేదు. ఎప్పుడూ విడుదల కాలేదు కాబట్టి, ప్రచురణ నుంచి లెక్కించే 60 ఏళ్ల గడువు ఇంకా మొదలే కాలేదు.

సభ మూతపడింది. గాయకుల వారసుల్లో ముగ్గురు రాసిచ్చారు, మిగతావాళ్ల ఆచూకీ 5 నెలలుగా దొరకలేదు. రికార్డింగుల ప్రసారానికి లైసెన్సులిచ్చే సంస్థకు రెండుసార్లు రాస్తే, తమ కేటలాగులో లేనివాటితో సంబంధం లేదన్నారు. (ఈలోగా టేపులకు బూజు పడుతోంది, అదో టెన్షన్.)

ఇలాంటివి ప్రసారం చేసినవాళ్లుంటే, వారసులు దొరకనప్పుడు ఎవరి దగ్గర అనుమతి తీసుకున్నారో చెప్తారా?