పాత బరోలో సీసా: ఎంతసేపు ముందు తెరవాలి?

మల్లిక
బరోలో అనే ఇటలీ రెడ్ వైన్ సీసాలు రెండున్నాయి, 2006 కోతది ఒకటి, 2019ది ఒకటి. రెండూ సెర్రలుంగా దాల్బా ఊరివే. రెండింటినీ డికాంటర్లో (వైన్ వంపి గాలి తగలనిచ్చే గాజు పాత్రలో) పోయాలా? ఎన్ని గంటల ముందు? పాతదాని రంగు అంచుల్లో ఇటుక రంగులోకి తిరిగితే పాడైనట్టా?

పీపా
మల్లికగారూ, ముందు రంగు సంగతి. బరోలో చేసే నెబ్బియోలో ద్రాక్ష తొక్కలోని రంగు పదార్థం గాలికి తొందరగా లొంగిపోతుంది, అందుకే పదేళ్లలోపే ఇటుక ఛాయ కనిపిస్తుంది. భయపడాల్సింది వాసన చూసే. ఎండుగులాబీ, తారు, పుట్టగొడుగు వస్తుంటే వైన్ బాగున్నట్టే. పళ్ల వాసన పూర్తిగా పోయి, కోసి వదిలేసిన ఆపిల్ వాసన ఒక్కటే మిగిలితే గాలి తగిలి చెడిపోయింది.

2006 సీసాను రెండు రోజుల ముందే నిలబెట్టండి. నెబ్బియోలో మడ్డి చాలా సన్నం, ఒక్కసారి కదిలితే గంటలో దిగదు, పైగా చేదు. అంత పాత కార్కులోకి మామూలు కార్క్‌స్క్రూ దించితే మధ్యలో పొడైపోవచ్చు. రెండు రేకులుండే ఓపెనర్‌ను కార్కుకీ గాజుకీ మధ్య అటూ ఇటూ ఊపుతూ దించి, తిప్పుతూ లాగండి. సీసా మెడ కింద దీపం పెట్టి ఆపకుండా, ఒకే ధారగా పోయండి. మడ్డి సీసా భుజం దాటి దారంలా వచ్చిన క్షణంలో ఆపేయాలి. అడుగున 50 మిల్లీలీటర్ల దాకా పోతుంది, దానికి ఆశపడకండి.

2006 గట్టి వగరున్న ఏడాది, కాబట్టి గంట, గంటన్నర గాలి తట్టుకుంటుంది. 1970ల నాటి సీసా అయితే ఇంతసేపు ఉంచొద్దు, మడ్డి తేర్చి వెంటనే గ్లాసుల్లో పోసేయాలి.

కొండవాలు
ఊరి పేరు చూసి గంటలు లెక్కేయడం మంచి పద్ధతి. బరోలో పండేది ఇటలీలోని పీడ్‌మాంట్‌లో, ఆల్బా పట్టణానికి నైరుతిన ఉన్న లాంగె కొండల్లోని 11 ఊళ్లలో. వాటిలో తూర్పు అంచున ఉన్న సెర్రలుంగాది పాత నేల, సున్నపు మట్టి పొరల మధ్య ఇసుకరాయి. అక్కడి వైన్ వగరు తగ్గడానికి ఏళ్లు పడుతుంది. వాటిలోనే లా మోర్రా ఊరి వైపు నీలి ఛాయ బూడిదరంగు మట్టి, సువాసన ముందే విచ్చుకుంటుంది. అయితే మరీ గీత గీసి చెప్పలేం, బరోలో ఊళ్లోని కన్నూబి తోటలో రెండు రకాల నేలలూ కలుస్తాయి.

చట్టం ప్రకారం బరోలోకి కోత ఏడాది నవంబరు 1 నుంచి 38 నెలలు, అందులో 18 నెలలు చెక్కపీపాలో ఉండాలి. ఇంకా ఎక్కువకాలం నిలవ ఉంచే ‘రిజర్వా’ రకానికి 62 నెలలు. అమ్మకానికి వచ్చిందంటే తాగడానికి సిద్ధమైందని కాదు. సెర్రలుంగా 2019 నా లెక్కలో ఇంకా పసిదే, ఆపగలిగితే ఆపండి. తప్పదంటే వెడల్పు డికాంటర్లో మూడు, నాలుగు గంటలు.

పీపా
ఒప్పుకుంటాను. రెండూ 16 నుంచి 18 డిగ్రీల మధ్య ఉండాలి. మరీ చల్లగా ఉంటే వగరు నాలుకను పట్టేస్తుంది, 20 దాటితే ఆల్కహాల్ ఘాటే ముందుకొస్తుంది.

మల్లిక
తెరవగానే మూసిన గది వాసన వస్తే పారబోయాలా?

కొండవాలు
వెంటనే వద్దండీ. గ్లాసులో పోసి 20 నిమిషాలు ఆగండి. ఏళ్ల తరబడి మూతేసి ఉన్నందువల్ల వచ్చిన వాసనైతే తగ్గిపోతుంది. తడిసిన అట్టపెట్టె వాసన అంతకంతకూ పెరుగుతుంటే అది కార్కు దోషం, ఎంత గాలి పట్టించినా పోదు.