పిన్నులు లేని గిటార్ బ్రిడ్జి వెనక అంచు లేస్తోంది: మళ్లీ అంటించాలా, కొత్తది చెక్కాలా?

రంపంపొట్టు (మర్రిపాలెం):

అందరికీ నమస్తే. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆదివారాలు గిటార్లు చేసుకుంటుంటాను, ఇది మూడోది. మొదటి రెండిటికీ మామూలు పిన్నుల బ్రిడ్జే (బ్రిడ్జి అంటే గిటార్ పై పలక మీద అంటించి తీగలు బిగించే చెక్క). ఈసారి లౌడెన్ గిటార్ల ఫోటోలు చూసి మోజుపడి, పిన్నులు లేకుండా తీగ వెనక నుంచి దూర్చేలా జిట్రేగి చెక్కతో బ్రిడ్జి చెక్కాను. స్ప్రూస్ చెక్క టాప్ (పై పలక), 645 మి.మీ. స్కేలు (మోగే తీగ పొడవు), 12-53 సైజు స్టీలు తీగలు. నవంబరులో తీగలు ఎక్కించాను, మోత బ్రహ్మాండంగా ఉంది, మా ఆవిడ కూడా బాగుందంది (ఆవిడ అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు). మార్చి వచ్చేసరికి బ్రిడ్జి వెనక అంచు కింద విజిటింగ్ కార్డు పెడితే 4 మి.మీ. లోపలికి పోతోంది, ఆరో తీగ వైపు ఇంకాస్త ఎక్కువ. వాడింది పసుపు వుడ్ గ్లూ, రాత్రంతా క్లాంపులు బిగించే ఉంచాను. ఇంకో తలనొప్పి ఏంటంటే ఆరో తీగకి బాల్ (తీగ చివరుండే గుండు) దగ్గరుండే మెలిక వచ్చి శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే సన్నటి పట్టీ) మీదే కూర్చుంటోంది, మోత మొద్దుబారిపోయింది. పీకి మళ్లీ అంటిస్తే సరిపోతుందా, లేక కొత్తది చెక్కుకోవాలా?

ఉప్పుగాలి:

ముందు తీగలు వదులు చెయ్యండి గురూ, ఇప్పుడే, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. 12-53 సెట్టు మామూలు శ్రుతిలో మొత్తం సుమారు 73 కిలోలు లాగుతుంది. ఆ లాగుడు టాప్ మీద కాదు, టాప్‌కి పన్నెండు మి.మీ. పైన, శాడిల్ నెత్తిన పడుతుంది. అందుకే బ్రిడ్జి ముందుకి జారడం కంటే ముందుకి బోర్లా పడాలని చూస్తుంది, వెనక అంచు లేవాలని చూస్తుంది. పిన్నులున్న బ్రిడ్జిలో బాల్ లోపల బ్రిడ్జి ప్లేటుకి (టాప్ కింద అంటించిన చెక్కపలకకి) ఆనుకుని దాన్ని పైకి లాగుతుంది, పైనుంచి శాడిల్ కిందికి నొక్కుతుంది, అంటే తీగే టాప్‌నీ బ్రిడ్జినీ కలిపి క్లాంపులా బిగిస్తుంది. మీదాంట్లో ఆ బిగింపు లేదు, మొత్తం జిగురు మీదే. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్లూ జిగురు మీదే నిలబడతాయి కదా అంటారేమో, అక్కడ లాగుడు దాదాపు సగమే.

అలాగని ఈ పద్ధతి పనికిరానిదేం కాదు, ఓవేషన్ గిటార్ కంపెనీ వాళ్లూ ఏళ్ల తరబడి స్టీలు తీగలతో ఇలాగే చేశారు. జిగురు చెక్కకీ చెక్కకీ మధ్య ఉండాలి, అంతే. మీరు బ్రిడ్జి అంటించింది లక్కర్ కొట్టాకా, ముందా?

రంపంపొట్టు:

లక్కర్ కొట్టాకే. బ్రిడ్జి చుట్టూ కట్టర్‌తో గీత గీసి లోపలి లక్కర్ గోకేశాను. అంచు బయటికి కనబడకూడదని గీత కొంచెం లోపలికే గీశాను.

ఉప్పుగాలి:

ఆ "కొంచెం" ఎంతో పీకాక చూడండి. అంత లాగుడూ మొదట పడేది వెనక అంచు మీదే, మీరు సరిగ్గా అక్కడే జిగురు లక్కర్ మీద పూశారు. కట్టర్ గీత లోతుగా పోయినా ప్రమాదమే, స్ప్రూస్ నారలు తెగి ఆ గీత వెంబడే ఊడి వస్తాయి. వచ్చే గిటార్‌కైతే లక్కర్ కొట్టకముందే బ్రిడ్జి ఆకారంలో టేపు వేసుకోండి, 1 మి.మీ. కూడా లోపలికి వద్దు.

ఇంకో మాట, మన ఊరి గాలి సంగతి. తేమకి టాప్ ఉబ్బి బొజ్జ పెరుగుతుంది, అదే పొడిగా ఉన్న చోటికి పోతే కిందికి దిగుతుంది. వానాకాలంలో షెడ్డులో బ్రిడ్జి అడుగు ఒంపు సరిచేసి అంటిస్తే, ఆ ఒంపు మిగతా ఏడాదికి సరిపోదు. నేనైతే గిటార్‌ని రెండు రోజులు ఏసీ గదిలో ఉంచి, తేమ మీటరు 50 శాతం దగ్గరికి వచ్చాకే ఆ పని పెట్టుకుంటాను. టాప్ మీద గరుకు కాగితం పరిచి దాని మీదే బ్రిడ్జిని రుద్దాలి. జిట్రేగిలో నూనె ఉంటుంది, అంటించే ముందు అడుగు కొత్తగా గోకి ఎసిటోన్‌తో తుడవండి. అన్నట్టు ఎండలో నిలిపిన కారులో గిటార్ వదిలేశారా ఎప్పుడైనా? ఆ వేడికి పసుపు జిగురు మెత్తబడుతుంది. పాత వడ్రంగులు వాడే వజ్రం (పశువుల తోళ్లు ఉడికించి తీసే జిగురు) వేడికి దానికంటే బాగా ఆగుతుంది, కానీ తేమంటే దానికి పడదు.

చిత్రిక:

మెలిక గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. బాల్ ఆనే చోటు నుంచి శాడిల్ వరకు ఎంత దూరం ఉంది మీ బ్రిడ్జిలో? 10, 11 మి.మీ. ఉంటుందని నా ఊహ. ఆరో తీగ మెలికే దాదాపు అంత పొడవుంటుంది. కనీసం 15 ఉంచండి, అంటే బ్రిడ్జిని వెనక్కి వెడల్పు చెయ్యాలి, దాంతో జిగురు పట్టే చోటూ పెరుగుతుంది, వెనక అంచుకీ మేలే. రంధ్రం సైజుకి పుస్తకాలు వెతక్కండి, మెలికని కాలిపర్‌తో కొలిచి దానికంటే కాస్త పెద్దది, బాల్ కంటే చిన్నది వెయ్యండి. ఆరు రంధ్రాలూ ఒకే నార మీద వరసగా వేశారంటే చెక్క ఆ వరసలోనే చీలుతుంది, నేను ఒకటి చీల్చుకున్నాను కూడా, శాడిల్‌తో పాటు కాస్త ఏటవాలుగా జరపండి. తీగ దూర్చేటప్పుడు బ్రిడ్జి వెనక అట్టముక్క పెట్టుకోండి, లేదంటే బాల్ లక్కర్‌ని గీరేస్తుంది.

పనసచెక్క (విజయనగరం):

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఏకాండి వీణలు (ఒకే దుంగలో చెక్కినవి) చేసేవాళ్ల దగ్గర కూర్చుని చూశాను. తీగలు బ్రిడ్జి మీదుగా పోయి కుండ చివర కట్టుకుంటాయి, బ్రిడ్జి మీద నొక్కుడే తప్ప లాగుడు లేదు. వాళ్లకి మీ గొడవ చెప్తే నవ్వుతారు. నన్నడిగితే ఆరు పిన్నులు పెట్టుకుని సుఖంగా నిద్రపోండి.

రంపంపొట్టు:

అన్నా, పిన్నులు నాకూ తెలుసు, నిద్రే పట్టట్లేదు.

నిన్న రాత్రి పీకాను. ఇస్త్రీపెట్టెతో బ్రిడ్జి వేడి చేసి, పలచటి కత్తి వెనక నుంచి దూరిస్తే పావుగంటలో వచ్చేసింది. అడుగు చూస్తే మధ్యలో స్ప్రూస్ నారలు తెల్లగా అంటుకుని ఉన్నాయి, చుట్టూ 3 మి.మీ. పట్టీ మాత్రం అద్దంలా మెరుస్తోంది, జిగురు ఆనవాలే లేదు. బాల్ నుంచి శాడిల్ కొలిస్తే 10.5. చిత్రిక గారూ, మీ నోట్లో చక్కెర పొయ్య. కొత్తది చెక్కుతున్నాను, వెనక్కి 5 మి.మీ. ఎక్కువ.