కొత్త కాపురానికి ఏవి కొంటే డబ్బు దండగ కాదు?

ప్రశ్న (మియాపూర్, హైదరాబాద్)

అందరికీ నమస్కారం. మాకు పెళ్లయి నాలుగు నెలలైంది, ఇద్దరివీ ఉద్యోగాలే. వచ్చే నెల అద్దె ఇంట్లోకి దిగుతున్నాం. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ మా అత్తయ్యగారు ఇచ్చారు. స్టీలు గిన్నెలు, డిన్నర్ సెట్లు పెళ్లికే చాలా వచ్చాయి. మిగతా వాటికి 40,000 పక్కన పెట్టాం. ఫోన్ తెరిస్తే చాలు, అది కొనండి ఇది కొనండి అంటున్నారు, చూసేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. పదేళ్లు కాపురం చేసినవాళ్లు చెప్పండి. ఏది కొన్నందుకు ఇప్పటికీ సంతోషంగా ఉన్నారు? ఏది కొని అటక మీద పడేశారు? వెట్ గ్రైండర్ కొనాలా, మిక్సీ చాలా అన్నది నా పెద్ద సందేహం.

జవాబు (రాజమండ్రి, ఇరవై రెండేళ్లుగా గృహిణి)

చెల్లీ, ముందు నీ పెద్ద సందేహమే తీరుస్తాను. వారానికి రెండుసార్లయినా ఇడ్లీ గానీ దోసె గానీ వేసే ఇల్లయితే రాళ్ల గ్రైండర్ కొనుక్కో. మనం ఇడ్లీకి రవ్వ కలుపుతాం, రుబ్బేది మినప్పప్పు ఒక్కటే, దానికి గ్రైండర్ ఎందుకని నేనూ ఐదేళ్లు మిక్సీతోనే నెట్టుకొచ్చాను. మిక్సీలో పప్పు నలుగుతుంది గానీ పొంగదు. బ్లేడు వేగానికి పిండి వేడెక్కుతుంది, చల్లటి నీళ్లు పోసినా అంతే. గ్రైండర్‌లో రాయి నెమ్మదిగా తిరుగుతుంది, పిండిలోకి గాలి చేరుతుంది. అరగంట తిప్పాక ఒక చుక్క పిండి తీసి గ్లాసు నీళ్లలో వెయ్యి. తేలిందంటే పిండి అయినట్టు. మునిగితే ఇంకో ఐదు నిమిషాలు, చెయ్యి తడి చేసుకుని చిలకరిస్తూ తిప్పు. ఈ ఒక్క పరీక్ష మా ఆడపడుచు చెప్పింది. ఆ తర్వాత మా ఇంట్లో ఇడ్లీ గట్టిగా వచ్చిన రోజు లేదు. అదే పప్పు, అదే గ్లాసు, పిండి మాత్రం గిన్నె నిండా వస్తుంది.

మీరిద్దరూ ఉద్యోగాలు కాబట్టి పిండి ప్యాకెట్లు కొంటారేమో. వారానికి మూడు ప్యాకెట్లు, ఒక్కోటి అరవై అనుకున్నా నెలకు 700 దాటుతుంది. ఇంట్లో పప్పు, రవ్వ ఖర్చు తీసేసినా గ్రైండర్ ధర ఏడాదిలో తిరిగి వచ్చేస్తుంది. అదే పదిహేను రోజులకోసారి తినేవాళ్లయితే కొనొద్దు, మిక్సీ చాలు.

ఇక ఫ్యాన్లు. అద్దె ఇల్లు కదా, ఓనర్ ఫ్యాన్లు ఉంటాయి కదా అనుకోకు. వాటిని విప్పించి అటక మీద పెట్టండి, ఖాళీ చేసేటప్పుడు అవి బిగించి మీవి మీరు తీసుకెళ్లండి. ఓనర్‌కి ముందే ఒక మాట చెబితే సరిపోతుంది. పాత రకం ఫ్యాన్ 70 నుంచి 80 వాట్లు తింటుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్‌కి, అంటే తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటార్ ఉన్నదానికి, ఫుల్ స్పీడులో కూడా 30, 35 చాలు. అంటే ఒక్కో ఫ్యాన్ మీద 45 వాట్లు మిగులు. హాల్లోదీ పడకగదిలోదీ కలిపి రోజుకు ఇరవై నాలుగు గంటలు తిరిగాయనుకో, రోజుకు ఒక యూనిట్ తగ్గింది. నెలకు ముప్పై. మేం కొన్నప్పుడు మామూలు దానికంటే ఒక్కోదానికి వెయ్యి ఎక్కువ పెట్టాం. యూనిట్ ఐదు రూపాయలు వేసుకున్నా రెండిటి మీదా పెట్టిన రెండు వేలు పద్నాలుగు నెలల్లో వచ్చేశాయి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో ఇంకో సుఖం, అదే బ్యాటరీ మీద ఫ్యాన్ రెట్టింపు సేపు తిరుగుతుంది. ఎండాకాలం రాత్రి కరెంటు పోయి పసిపిల్లలతో మేలుకొని ఉన్నవాళ్లకి దాని విలువ తెలుసు.

మీ తెలంగాణలో నెలకు 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్ నుంచీ ఎక్కువ రేటు పడుతుందని మా తమ్ముడు చెబుతుంటాడు. కాబట్టి మీ వాడకం ఆ హద్దు దగ్గర ఉంటే ఆ ముప్పై యూనిట్లు మీకు ఇంకా ఎక్కువ విలువ చేస్తాయి.

మూడోది ఇనప పెనం, పోత పోసినది. నాన్‌స్టిక్‌వి మూడు మార్చాను. ఎంత జాగ్రత్తగా వాడినా రెండేళ్లకు నడిమధ్య పూత లేచిపోయేది. ఇనప పెనం మొదటి వారం ఏడిపిస్తుంది, నిజమే. కొత్తది తెచ్చాక బాగా కడిగి, పొయ్యి మీద తడి ఆరేదాకా కాల్చు. నువ్వుల నూనె గుడ్డతో పలచగా, కనిపించీ కనిపించనట్టు పట్టించు. పొగ వచ్చేదాకా వేడి చేసి ఆపెయ్యి. చల్లారాక మళ్లీ. ఇలా నాలుగుసార్లు. నూనె ఎక్కువ రాస్తే జిగురు కడుతుంది, అందరూ అక్కడే పొరపాటు చేస్తారు. మొదటి నాలుగైదు దోసెలు అంటుకుంటాయి, కంగారు పడకు. సగం కోసిన ఉల్లిపాయతో రుద్ది మళ్లీ వెయ్యి. ఆ పెనం రాత్రంతా సింకులో నానబెట్టొద్దు, తుప్పు పడుతుంది. ఇనప మూకుడు కూడా తీసుకుంటే దాంట్లో వేపుళ్లు చేసుకో, చింతపండు పులుసు మాత్రం పెట్టకు, పూత పోయి కూర నల్లబడుతుంది. నా పెనానికి పదకొండేళ్లు. దోసె అంచు దానంతటదే లేస్తుంది.

అటక మీద పడేసింది కూడా అడిగావు కదా. ముక్కలు కోసి, రసం తీసి, పిండి కలిపే పెద్ద మెషీన్ ఒకటి కొన్నాం, ఎనిమిది వేలు పోశాం. ఉల్లిపాయలు కోయడానికి రెండు నిమిషాలు, దాని తొమ్మిది భాగాలు కడగడానికి ఇరవై నిమిషాలు. పైగా రెండో ఏడు దాని గిన్నె పగిలితే కొన్న కొట్టువాడు ఆ మోడల్ ఆపేశారమ్మా అన్నాడు. ఒక్క ప్లాస్టిక్ గిన్నె దొరక్క మొత్తం మెషీన్ మూలన పడింది. అప్పటినుంచీ ఏది కొన్నా, దీని విడి భాగాలు మా ఊళ్లో ఎవరి దగ్గర దొరుకుతాయని అడిగాకే డబ్బు తీస్తున్నాను. నువ్వూ అడుగు.

ప్రశ్న అడిగినావిడ

అక్కా, ఎంత ఓపిగ్గా చెప్పారు! ఫ్యాన్ల లెక్క మా ఆయనకు చదివి వినిపించాను. ఒక అనుమానం. బీఎల్‌డీసీ పాడైతే మామూలు ఎలక్ట్రీషియన్ బాగు చేయగలడా?

జవాబు (గుంటూరు, మిక్సీ గ్రైండర్ రిపేరు షాపు)

అమ్మా, నేను పదహారేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, అందుకే ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మామూలు ఫ్యాన్ నెమ్మదించిందంటే చాలాసార్లు కండెన్సర్ పోయి ఉంటుంది, వీధి చివర ఎలక్ట్రీషియన్ పది నిమిషాల్లో మారుస్తాడు. బీఎల్‌డీసీలో సర్క్యూట్ బోర్డు ఉంటుంది, అది పోతే కంపెనీ బోర్డే రావాలి. అందుకని వారంటీ ఎక్కువ ఏళ్లున్నదీ, మీ దగ్గర్లో సర్వీస్ సెంటర్ ఉన్నదీ చూసి తీసుకోండి. కరెంటు ఆదా గురించి అక్క చెప్పిన లెక్క సరైనదే.

గ్రైండర్ గురించి ఒక మాట. నా బల్ల మీదికి గ్రైండర్లు వచ్చేది ఎక్కువగా రెండు కారణాలకి. ఒకటి బెల్టు వదులు కావడం, అది చిన్న ఖర్చు. రెండోది మోటార్‌లోకి నీళ్లు పోవడం. కడిగేటప్పుడు గిన్నె బయటికి తీసి కడగాలి, కింది భాగం తడి గుడ్డతో తుడవాలి, అంతే. కొందరు మొత్తం కుళాయి కింద పెట్టేస్తారు, ఇక మోటార్ చుట్టించాల్సిందే. ఇవి రెండూ చూసుకుంటే పదిహేనేళ్లు నడుస్తుంది. చాలా ఏళ్లకు రాయి నునుపెక్కితే గంట్లు పెట్టించుకోవాలి.

మిక్సీ ఎలాగూ కొంటారు కాబట్టి ఇది చదవండి. "మిక్సీ కాలిపోయిందన్నా" అని తెచ్చేవాళ్లలో చాలామందిది కాలిపోయి ఉండదు. మిక్సీని తిరగేస్తే అడుగున ఎర్ర బటన్ ఒకటి కనిపిస్తుంది. బరువు ఎక్కువైతే మోటార్ కాలకుండా ఆ బటన్ దానంతటదే బయటికి వచ్చి కరెంటు ఆపేస్తుంది. ప్లగ్గు తీసి, పది నిమిషాలు చల్లారనిచ్చి, బటన్ లోపలికి నొక్కితే మళ్లీ తిరుగుతుంది. ఈ సంగతి తెలియక ఆటో ఛార్జీలు పెట్టుకుని వచ్చినవాళ్లని చూస్తే నాకే బాధనిపిస్తుంది. డబ్బు తీసుకోకుండా బటన్ నొక్కి చూపించి పంపిస్తాను.

జార్ కింద మోటార్ మీద ఉండే నల్ల చక్రాన్ని కప్లర్ అంటారు. పళ్లు అరిగితే మోటార్ శబ్దం వస్తుంది గానీ బ్లేడు సరిగ్గా తిరగదు. అది మార్చడం తేలిక, ఖర్చూ తక్కువే. జార్ అడుగు నుంచి నల్లటి జిడ్డు కారితే మాత్రం బుష్, అంటే బ్లేడు ఇరుసు తిరిగే చిన్న గొట్టం, పోయినట్టు, ఆ జార్‌లో పచ్చడి చేయకండి, ముందు బాగు చేయించండి. పసుపు కొమ్ములు ఇంట్లో ఆడించొద్దు, మరకు ఇచ్చేయండి. ఏది ఆడించినా ఆపి ఆపి తిప్పండి.

కొనేటప్పుడు 750 వాట్లది, స్టీలు జార్లు ఉన్నది, నా లాంటివాడి దగ్గర జార్ విడిగా దొరికే మోడల్ తీసుకోండి. కొత్తగా వచ్చిన మోడల్ ఎంత అందంగా ఉన్నా, దానికి కప్లర్ బజార్లో దొరకాలంటే రెండేళ్లు పట్టొచ్చు.

జవాబు (హనుమకొండ)

వాటర్ ప్యూరిఫయర్ ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నా. ఆర్వో కొనేముందు మీ నీళ్ల టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాలు ఎన్నో చూడండి, చిన్న మీటర్‌తో నిమిషంలో తెలుస్తుంది. తాగే నీటికి బీఐఎస్ పెట్టిన హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు. నల్లా నీళ్లు చాలాచోట్ల అంతకంటే బాగా తక్కువే ఉంటాయి, వాటికి యూవీ ఫిల్టర్ సరిపోతుంది. ఆర్వో పెడితే సగానికి పైగా నీళ్లు మోరీలోకి పోతాయి, ఏటా ఫిల్టర్లు, కొన్నేళ్లకు మెంబ్రేన్ (లోపల నీళ్లు వడకట్టే పొర) ఖర్చు. బోరు నీళ్లయితే వేరే సంగతి, టీడీఎస్ ఆ హద్దు దాటితే అప్పుడు ఆర్వో కావాలి. అపార్ట్‌మెంట్‌లో రెండూ కలిపి వస్తుంటే ఎండాకాలం ఒకసారి, వానాకాలం ఒకసారి చూసుకోండి. మాకు మార్చిలో ఒక అంకె, ఆగస్టులో ఇంకో అంకె వచ్చింది.

జవాబు (ఒంగోలు)

మా ఇంట్లో బూరుగు దూది పరుపులకు ముప్పై ఏళ్లు. గట్టిపడితే దూదేకే ఆయన్ని పిలిపించి, విప్పి ఏకించి, కొత్త గుడ్డ వేసి కుట్టిస్తాం. ఫోమ్ పరుపు నడుము దగ్గర గుంట పడితే చేసేదేమీ ఉండదు. హైదరాబాద్‌లో ఏకేవాళ్లు దొరుకుతారా అన్నది ముందు కనుక్కోండి.

జవాబు (డాలస్)

ఇక్కడ ఉండేవాళ్లు కూడా చదువుతుంటారు కాబట్టి ఒక్క ముక్క. ఇండియాలో గ్రైండర్ కొని మోసుకురావద్దు. అది 230 వోల్టులది, ఇక్కడ 120. నేను మా అమ్మ చేత తెప్పించి, ట్రాన్స్‌ఫార్మర్ కొని, చివరికి దాన్ని ఎవరికో ఇచ్చేశాను. ఇక్కడి ఇండియన్ స్టోర్లలో 110 వోల్టుల మోడల్ దొరుకుతుంది, అదే కొనుక్కోండి.

ప్రశ్న అడిగినావిడ

అందరికీ ధన్యవాదాలు. ఇలా అనుకున్నాం: గ్రైండర్, 750 వాట్ల మిక్సీ, రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు, ఇనప పెనం, ఐఎస్ఐ గుర్తున్న ఐదు లీటర్ల కుక్కర్. నీళ్లు చూశాకే ఫిల్టర్. మిగిలింది బ్యాంకులోనే ఉంచుతాం. అన్నా, గ్రైండర్ ఇద్దరికి ఎన్ని లీటర్లది తీసుకోవాలి?

జవాబు (గుంటూరు, మిక్సీ గ్రైండర్ రిపేరు షాపు)

రెండు లీటర్లది చాలమ్మా, చుట్టాలొచ్చినా సరిపోతుంది. షాపులో ఆన్ చేసి చూపిస్తారు, అది సరే. దానికంటే ముందు రాళ్లు తీసి, గిన్నె మీరే బయటికి ఎత్తి చూడండి. తర్వాత రాళ్లు ఒక్కొక్కటీ చేత్తో పట్టుకోండి. రోజూ కడగాల్సింది మీ ఇద్దరిలో ఎవరో, వాళ్లకి ఆ బరువు సుళువుగా ఉండాలి. బరువని కడగడానికి బద్ధకించి వాడకం మానేసిన గ్రైండర్లు నా దగ్గరికి అమ్మకానికి వస్తుంటాయి. బిల్లు ఆ రోజే ఫోటో తీసి పెట్టుకోండి, ఆ కాగితం మీద అచ్చు ఏడాది తిరిగేసరికి చెరిగిపోతుంది, వారంటీకి అడిగేది ఆ తేదీనే.