అమ్మని కేర్ హోమ్‌లో చేర్చాలి: కూకట్‌పల్లి ఫ్లాట్ కూడా లెక్కలోకి వస్తుందా?

లెస్టర్_చిన్నోడు: అమ్మకి 79, బ్రిటిష్ పౌరసత్వం ఉంది. నాన్నగారు లేరు. డిమెన్షియా ముదిరింది, ఇక కేర్ హోమే మేలని సోషల్ వర్కర్ అంటున్నారు. బ్యాంకులో 19,000 పౌండ్లు ఉన్నాయి. లెస్టర్ ఇల్లు అమ్మ పేరు మీదే, అన్నయ్య (46) కూడా అందులోనే ఉంటాడు. ఇవి కాక కూకట్‌పల్లిలో ఫ్లాట్, ఎల్ఐసీ పాలసీ, నగలు. కేర్ హోమ్ ఫీజులో సాయం చేసేముందు కౌన్సిల్ (ఇక్కడి స్థానిక సంస్థ) వేటిని లెక్కేస్తుంది? ఫ్లాట్‌ని హైదరాబాద్‌లో ఉన్న చెల్లికి గిఫ్ట్ డీడ్ రాసేస్తే గొడవ ఉండదని ఒకరన్నారు.

కౌన్సిల్_లెక్కలు: ఇంగ్లండ్‌లో ఆస్తి 23,250 పౌండ్లు దాటితే ఖర్చంతా అమ్మ డబ్బుతోనే. 14,250 లోపు ఆస్తి జోలికి రారు. మధ్యలో ఉంటే ప్రతి 250కి వారానికి 1 పౌండు ఆదాయం వస్తున్నట్టు లెక్కగడతారు. బ్యాంకు డబ్బు ఒక్కటే అయితే 4,750 అదనం, అంటే వారానికి 19 పౌండ్లు. పెన్షన్‌లో చేతి ఖర్చులకని వారానికి కొంత (2025-26లో 30.65 పౌండ్లు) వదిలి మిగతాది తీసుకుంటారు. కార్డిఫ్‌లో చుట్టాలుంటే వాళ్ల మాట పట్టుకోకండి, వేల్స్‌లో హద్దు 50,000.

నగలు వ్యక్తిగత వస్తువులు, లెక్కలోకి రావు. ఎల్ఐసీ సరెండర్ విలువా రాదు. కానీ పాలసీ మెచ్యూరై డబ్బు ఖాతాలో పడితే అది మామూలు పొదుపే.

ఇంట్లో భర్తో, 60 దాటిన బంధువో, వైకల్యం ఉన్న బంధువో ముందునుంచీ ఉంటుంటే ఇంటిని వదిలేస్తారు. 46 ఏళ్ల కొడుకు ఉన్నంత మాత్రాన వదలాలని లేదు. అమ్మని చూసుకోవడానికే సొంతిల్లు వదులుకుని వచ్చుంటే కౌన్సిల్ తన విచక్షణతో వదలొచ్చు, రాతపూర్వకంగా అడగండి. శాశ్వతంగా చేరాక మొదటి 12 వారాలు ఇంటి విలువ చూడరు. ఆ తర్వాత డిఫర్డ్ పేమెంట్: ఇంటిమీద ఛార్జ్ (తనఖా లాంటిది) రాయించుకుని కౌన్సిల్ ఫీజు కడుతుంది, ఇల్లు అమ్మాక వడ్డీతో రాబట్టుకుంటుంది.

అసలు చిక్కు ఫ్లాటే. అది అమ్మ ఉంటున్న ఇల్లు కాదు కాబట్టి మొదటి రోజునుంచే లెక్క. దాంతో 23,250 దాటిపోతే 12 వారాల వెసులుబాటు ఉన్నా ఉపయోగం లేదు, డిఫర్డ్ పేమెంట్ హక్కుగా అడగలేరు. అమ్మకం ఖర్చుల కింద విలువలో 10 శాతం తగ్గిస్తారు. డబ్బు ఇండియా దాటించలేమన్న వాదనా నిలవదు: ఎన్ఆర్ఓ ఖాతా (విదేశాల్లో ఉండేవాళ్లకి ఇండియాలో ఉండే రూపాయి ఖాతా) నుంచి ఏడాదికి 10 లక్షల డాలర్ల వరకు పంపొచ్చు.

గుంటూరు_టు_క్రాయిడన్: గిఫ్ట్ డీడ్ ఆలోచన మానుకోండి. డిమెన్షియా తేలి, కేర్ హోమ్ మాట వచ్చాక రాస్తే అది ఫీజు తప్పించుకోవడానికేనని ఎవరికైనా తెలుస్తుంది. కౌన్సిల్ ఆ ఫ్లాట్ ఇంకా అమ్మ దగ్గరే ఉన్నట్టు లెక్కేస్తుంది. చెల్లినుంచి రాబట్టే అధికారం కేర్ యాక్ట్ 70వ సెక్షన్‌లో ఉంది. హైదరాబాద్ దాకా రాకపోయినా, ఇక్కడ బిల్లు ఆగదు. గిఫ్ట్ ఇచ్చి ఏడేళ్లు దాటితే అడగరన్నది వారసత్వ పన్ను సంగతి, దీనికి ఆ గడువు లేదు. పైగా అమ్మకి ఇప్పుడు సంతకం అర్థం తెలియకపోతే డీడే చెల్లదు.

లెస్టర్_చిన్నోడు: ఫ్లాట్ నాన్న కొన్నది. ఆయన పోయాక మ్యుటేషన్ (మున్సిపల్ రికార్డులో పేరు) అమ్మ పేరు మీదకి మారింది. వీలునామా లేదు. నానమ్మ అప్పటికే లేరు.

కౌన్సిల్_లెక్కలు: ఇది ముందే చెప్పాల్సింది! మ్యుటేషన్ పన్ను వసూలుకే, దానివల్ల హక్కు రాదు. వీలునామా లేదు, నానమ్మా లేరు కాబట్టి 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకీ పిల్లలకీ సమాన వాటాలు. మీరు ముగ్గురూ రిజిస్టర్డ్ రిలింక్విష్‌మెంట్ (వాటా వదులుకునే పత్రం) రాసి ఉండకపోతే అమ్మది నాలుగో వంతే. ఆ వాటాకి విలువ, బయటివాడు ఎంతిస్తాడన్న దాన్నిబట్టి. మిగతా ముగ్గురూ అమ్మకానికి ఒప్పుకోకపోతే కొనేవాడు దొరకడం కష్టం, కాబట్టి నాలుగో వంతుకన్నా బాగా తగ్గొచ్చు.

నాన్నగారి సేల్ డీడ్, ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం), ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, రిజిస్టర్డ్ వాల్యుయర్ చేత ఒక్క ఆ వాటాకే రిపోర్టు సిద్ధం చేసుకోండి. రిజిస్ట్రేషన్ శాఖ రేటు పెడితే ఒప్పుకోరు, మార్కెట్ ధర అడుగుతారు.

నర్స్_పద్మ: డబ్బు లెక్కకి ముందే ఎన్‌హెచ్ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) కంటిన్యూయింగ్ హెల్త్‌కేర్ చెక్‌లిస్ట్ పెట్టమని సోషల్ వర్కర్‌ని అడగండి. అర్హత వస్తే ఆస్తి చూడరు, ఫీజంతా ఎన్‌హెచ్ఎస్‌దే. డిమెన్షియా పేరు మీద ఇవ్వరు, అవసరాల తీవ్రత చూస్తారు. రాత్రి లేచి తిరగడం, మందులు ఉమ్మేయడం, కొట్టబోవడం లాంటివి తేదీలతో రాసి పెట్టండి. ‘అమ్మ బాగానే ఉంటుందండీ’ అని మర్యాదకి అనకండి, ఆ ముక్క ఫారంలోకి ఎక్కుతుంది. అది రాకపోయినా, నర్సింగ్ ఉన్న హోమ్ అయి, నర్సు సేవ అవసరమని తేలితే వారానికి కొంత మొత్తం (2025-26లో 254.06 పౌండ్లు) నేరుగా హోమ్‌కే కడతారు.