అప్‌డేట్: ఇంటి ఓనర్‌తో కాల్ రికార్డింగ్ కోర్టులో చెల్లుతుందా?

అడ్వాన్స్ తిరిగిస్తానని ఓనర్ ఫోన్‌లో ఒప్పుకున్నారు, ఆయనకు చెప్పకుండా చేసిన ఆ రికార్డింగ్ పనికొస్తుందా అని అడిగాను కదా. గుంటూరులో లాయరుగారిని కలిశాను. మాట్లాడినవాళ్లలో మనమూ ఉంటే రికార్డు చేయడం దానంతటదే నేరం కాదట. ఇతరుల కాల్స్‌ను అక్రమంగా మధ్యలో వింటే మాత్రం 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద మూడేళ్ల దాకా జైలు.

అసలు పేచీ రికార్డింగ్‌తో పాటు కోర్టుకు ఇవ్వాల్సిన సర్టిఫికెట్ దగ్గరే. భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ ప్రకారం ‘ఎ’ భాగం మనం, ‘బి’ భాగం నిపుణుడు నింపి సంతకం చేయాలి. ఫైల్ హ్యాష్ విలువ (ఫైల్‌కు వేలిముద్ర లాంటి కోడ్) అందులో రాయాలి. అనవసరమైన ముక్క కత్తిరించినా, ఎంపీ3లోకి మార్చినా హ్యాష్ మారిపోతుంది, ఎదుటి లాయరు పట్టుకునేది అక్కడే! వాట్సాప్‌లో పంపేశాం కదా అని ఒరిజినల్ చెరిపేయకండి. కేసు తేలేదాకా ఆ ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వకండి, రీసెట్ చేయకండి.